మమ్ అన్నాడా, పబ్ అన్నాడా

నాన్న నా మీద అలిగినప్పుడు మాట మానేయనక్కర్లేదు, మొహం అటు తిప్పుకుంటే చాలు. అమ్మకి కోపం వస్తే గిన్నెలు మోగేవట, తలుపులు దద్దరిల్లేవట, అవన్నీ అన్నయ్య చెప్పగా తెలిసినవే. నాకు తెలిసిన కోపం ఒక్కటే, ఎదుటి మనిషి పెదవులు నాకు కనబడకుండా పోవడం. ఈ హోటల్ రెండో అంతస్తులో, మీటింగు గది బయట వేసిన కుర్చీల్లో, నాన్న కిటికీ అద్దం వైపు తిరిగి కూర్చుని చాలాసేపయింది. నాకు కనబడుతున్నది ఆయన మెడ వెనకభాగం, నిన్న క్షవరం చేయించుకున్న గీత, దాని కింద మా ఆల్డర్‌షా ఫుట్‌బాల్ జట్టు నీలం తెలుపు చారల మఫ్లర్. ఇవాళ ఆ మఫ్లర్ వద్దు నాన్నా, నేను సాక్షిగా వెళ్తున్నాను, ఏ పక్షమూ కానట్టు కనబడాలి అని బయల్దేరేముందే చెప్పాను. అయితే నన్ను కూడా ఇంట్లో వదిలేసి పో అన్నాడు. కారు నడిపింది మాత్రం ఆయనే. నడిపే మనిషి మొహం ఎలాగూ ఇటు తిరగదు కాబట్టి దారి పొడుగునా మా మధ్య గొడవేమీ లేనట్టే ఉంది.

ఇంకో గంట పట్టొచ్చని ఒకమ్మాయి వచ్చి చెప్పింది. చెబుతూ చెబుతూ చేతిలో ఫైలు నోటికి అడ్డం పెట్టుకుంది. కనబడలేదు, మళ్ళీ చెప్పండి అంటే, ఈసారి నేనేదో పసిపిల్లనైనట్టు నోరు ఇంతింత తెరిచి సాగదీసి చెప్పింది. అలా సాగదీస్తే మాట ఆకారమే చెడిపోతుందని ఎన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పాను. రోవీనా టాటర్‌సాల్ అనే ఈమె చెవిటిది, ఆమె వైపు చూసి మామూలుగా మాట్లాడితే చాలు అని విచారణ సంఘానికి ముందే రాసి పంపాను కూడా. లోపల కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులకి నా దగ్గర్నుంచి కావలసింది ఒక్క మాట. బ్రెట్ ఓగ్డెన్ ఆ కుర్రాడితో మమ్ అన్నాడా, పబ్ అన్నాడా. వాళ్ళ అమ్మ ఊసెత్తాడా, తాగుడు ఊసెత్తాడా. ఈ దేశంలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి పార్లమెంటు సభ్యుడి వరకు ఆ సంగతి అందరికీ ఖచ్చితంగా తెలుసు, నాకు తప్ప.

గోడ మీద టీవీలో కూడా అదే. నలుగురు మాజీ ఆటగాళ్ళు సోఫాలో కూర్చుని ఆ మ్యాచ్ వీడియో ముక్కని వెనక్కీ ముందుకీ తిప్పుతున్నారు. కింద అక్షరాలు వేసే యంత్రం ఓగ్డెన్ పేరుని ఒకసారి ఊరి పేరుగానూ ఒకసారి మందు పేరుగానూ రాస్తోంది. నేను ఎన్నిసార్లు చూశానో ఆ ముక్క. కళ్ళు మూసుకున్నా ఆడుతూనే ఉంటుంది. ఆల్డర్‌షాకీ కార్‌బెక్‌కీ మధ్య దూరం బస్సులో కాస్సేపే, పగ మాత్రం మా తాత పుట్టకముందుది. ఆ రోజు ఆట అయిపోతుందనగా కార్‌బెక్‌కి పెనాల్టీ దొరికింది. ఈడన్ మార్స్‌డెన్ వచ్చాడు కొట్టడానికి, ఇరవై ఏళ్ళవాడు, ఇంకా మెడ కూడా గట్టిపడలేదు. పరిగెత్తుకొచ్చి బంతిని గోలు మీదుగా జనంలోకి తన్నాడు. మా కెప్టెన్ ఓగ్డెన్, రెండుసార్లు విరిగిన ముక్కు, గేదెలాంటి భుజాలు, పరిగెత్తలేదు, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. ఈడన్ గడ్డి మీద కూలబడి చొక్కా మొహం మీదికి లాక్కున్నాడు. అంతే జరిగింది. ఆ మాట అన్నంతసేపు ఓగ్డెన్ నోరు సగమే కనిపిస్తుంది, మిగతా సగానికి ఈడన్ జుట్టు అడ్డం.

నేను పెదవులు చదివి బతుకుతాను. దుకాణాల కెమెరాల్లో దొరికిన బొమ్మల్ని పోలీసులు పంపిస్తారు, కోర్టువాళ్ళు పిలుస్తారు, చరిత్ర సినిమాలు తీసేవాళ్ళు వందేళ్ళనాటి మూగ బొమ్మల్లో సైనికులు ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పమంటారు. పాపం వాళ్ళెప్పుడూ తడిసిన మేజోళ్ళ గురించే మాట్లాడుకుంటూంటారు, ఆ సంగతి చెబితే సినిమావాళ్ళ మొహాలు వాడిపోతాయి. ఎవరికైనా మొదట చెప్పేది ఒకటే. పెదవుల మీద కనబడేది మాటలో మూడోవంతు. మిగతాదంతా గొంతులోనూ నాలుక వెనకా జరిగిపోతుంది, దాన్ని మనసు కుట్టుకోవాలి. రెండు పెదవులూ కలిసి విడిపోయే అక్షరాల దగ్గర మరీ అన్యాయం, ప అన్నా బ అన్నా మ అన్నా ఒకటే బొమ్మ. అద్దం ముందు నిలబడి గొంతు తీయకుండా అని చూసుకోవచ్చు ఎవరైనా, మమ్, పబ్, మమ్, పబ్. మ్యాచ్ మర్నాడు ఒక పేపరు విలేఖరి ఆ ముక్క పంపించి ఏమన్నాడో చెప్పమంటే, ‘నీ ఫలానా దగ్గరికి పో’ అన్నట్టుంది, ఆ ఫలానా మమ్ కావచ్చు, పబ్ కావచ్చు, తేల్చలేను అని రాశాను. ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే అన్నాడు. కుర్రాళ్ళని ఏడిపించాలంటే ఎవరైనా మీ అమ్మ దగ్గరికి పో అనే అంటారు కదా, మమ్ అయ్యుండొచ్చేమో అన్నాను. అయ్యుండొచ్చేమో అన్న ముక్క అచ్చులో ఎక్కడా లేదు. పొద్దున్నే మొదటి పేజీ మీద బండంత అక్షరాలు, చనిపోయిన తల్లి పేరెత్తాడని. డోనా మార్స్‌డెన్ అనే ఆవిడ ఉండేదనీ, కొడుకు ఆట చూడ్డానికి ప్రతి ఊరికీ వెళ్ళేదనీ, క్రిస్మస్ అయిన కొద్దిరోజులకే పోయిందనీ నాకు ఆ పేపరు చదివితేనే తెలిసింది. ఆ మ్యాచ్‌కి ముందు వారమే ఈడన్ పబ్‌లోంచి తూలుతూ బయటికొస్తున్న ఫొటో ఒకటి తిరిగిందనీ, అందుచేత నీ పబ్‌కి పో అన్నది కూడా చక్కగా అతుకుతుందనీ తర్వాత ఎప్పుడో ఇంకెవరో చెప్పారు. అప్పటికి దేశం నిర్ణయించేసుకుంది.

ఎంత తొందరగా నిర్ణయించుకుంటారో. ఓగ్డెన్ ఇంటి తలుపు మీద గుడ్లు విసిరారు, వాళ్ళ అమ్మాయిల్ని బడి మాన్పించారు. మా రోజుల్లో ఇంతకంటే ఘోరంగా తిట్టుకుని సాయంత్రం కలిసి తాగేవాళ్ళం, ఇప్పటి కుర్రాళ్ళు గాజుబొమ్మలు అని ఒక ముసలి గోల్‌కీపర్ అన్నాడు, వెంటనే ఆయన పాత గొడవలన్నీ తవ్వి తీశారు. క్రీడాస్ఫూర్తి మీద ఒక బిషప్ వ్యాసం రాశాడు. నేను కాయగూరలు కొనే దుకాణంలో తూకం వేసే మనిషి, పాపం మంచివాడే, నా వైపు తిరిగి ఆటని చంపేస్తున్నారండీ ఈ నోటి దురదగాళ్ళు అన్నాడు. ఇదే మనిషి శనివారం శనివారం స్టేడియంలో మాకు నాలుగు వరసల కింద నిలబడి, మాటిమాటికీ వెనక్కి తిరిగి, రిఫరీ తల్లినీ, రిఫరీ భార్యనీ, లైన్‌మన్ పుట్టుకనీ ఏమంటాడో నేను చదివాను, ఏళ్ళ తరబడి చదివాను. జనం అనే మాటలకి కెమెరా లేదు, అందుకని అవి మాటలు కావు. ఇంకోపక్క మా ఆల్డర్‌షావాళ్ళకి నేను పగవాళ్ళకి అమ్ముడుపోయినదాన్ని. మా గేటు ముందు చెత్తసంచులు చింపి పోశారు. నాన్న రోజూ వెళ్ళే పబ్‌లో ఆయనతో చుక్కల బిళ్ళల డామినోస్ ఆట ఆడటానికి ఎవరూ కుర్చీ లాక్కోలేదట. కోటు కూడా విప్పకుండా తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. రో, వాడు నిజంగా ఏమన్నాడో నాకొక్కడికీ చెప్పు, ఎవరితోనూ అనను అన్నాడు. తెలీదు నాన్నా అన్నాను. ఆయన నన్ను అలా చూస్తూనే ఉండి, “నీకు తెలీకపోవడమా” అని అటు తిరిగాడు. అప్పట్నుంచి ఇంతే. ఆయన కోపం నేను ఓగ్డెన్‌ని ముంచానని కాదు. తెలిసుండీ తండ్రి దగ్గర దాస్తున్నానని.

ఆయన నమ్మకం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి తగ్గింది, తగ్గేసరికి ఇల్లంతా నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంది. అంతకుముందు విన్న శబ్దాలేవీ నాకు గుర్తులేవు. అమ్మ నన్ను ఆసుపత్రులకి తిప్పింది, ప్రతి డాక్టరు ముందూ ఏడ్చింది. నాన్న బస్సుల గరాజులో మెకానిక్, ఆయనకి తెలిసిన చోటు ఒక్కటే. శనివారం నన్ను స్టేడియానికి తీసుకెళ్ళి, గీత పక్కనే ఉన్న ఇనప కమ్మీకి ఆనించి నిలబెట్టాడు. కమ్మీ నా పొట్టలో వణికింది. అంతమంది అరుస్తున్నారు, ఎవరికీ పక్కవాడి మాట వినబడదు, అందరూ నోళ్ళు చూసుకుంటూ సైగలు చేసుకుంటూ ఉన్నారు. అక్కడ అందరూ నాలాంటివాళ్ళే. ఇంట్లోనూ బడిలోనూ లేని సుఖం ఆ కమ్మీ దగ్గర దొరికింది నాకు. ఆటగాళ్ళు మా ముందునించే పరిగెత్తేవాళ్ళు, నేను నాన్న చొక్కా లాగి చెప్పేదాన్ని, ఆ పొట్టాయన ఆ పొడుగాయన్ని మీ ఆవిడ నిన్ను నేలమీద పడుకోబెడుతోందటగా అన్నాడు నాన్నా. మా గోల్‌కీపరూ వాళ్ళ ఫార్వర్డూ కార్నర్ కోసం ఎదురుచూస్తూ తివాచీలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో మాట్లాడుకుంటున్నారు నాన్నా. చుట్టూ ఉన్న మగాళ్ళు వంగి, రో ఏమంటోంది, రో ఏమంటోంది అనేవాళ్ళు, నాన్న నా మాటని వెనక వరసలకి కేకేసి చెప్పేవాడు, నవ్వు వరస వరసా పైకి పాకడం కళ్ళకి కనబడేది. బూతులన్నీ అక్కడే నేర్చుకున్నాను. తల్లి మీద ప్రమాణం చేసి ఎదుటివాణ్ణి చంపేస్తానన్నవాడే, వాడు పడిపోతే చెయ్యందించి లేపుతూ మోకాలెలా ఉందిరా అని అడగడం కూడా అక్కడే చూశాను. అవి రెండూ వాళ్ళకి ఒకే భాష. ఇప్పుడు ఆ భాషని దిద్దడానికి బిషప్పులు కావలసొచ్చారు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, నాన్న పక్కనే నిలబడ్డాను. ఆయన కదల్లేదు. కింద కార్లు పెట్టేచోట రెండు గుంపులు, మధ్యలో పసుపు కోట్ల పోలీసులు. ఇటు నీలం తెలుపు, అటు కార్‌బెక్ ఎరుపు. అట్టముక్కల మీద రాతలు. ఎర్ర గుంపులో ఒకావిడ వీళ్ళ అమ్మలకి సిగ్గులేదు అంటోంది, అంటే తల్లుల్ని తిట్టినందుకు తల్లుల్ని తిడుతోంది. ఇటువైపు, నాన్నతో డామినోస్ ఆడే బెర్ట్ నటాల్, మా అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసిన మనిషి, పక్కవాడితో నింపాదిగా అంటున్నాడు, ఆ చెవిటి గొడ్డు మాట పట్టుకుని మనవాణ్ణి ఉరితీస్తున్నారు. వాన గురించి మాట్లాడినట్టే అన్నాడు, అందులో కసి కూడా లేదు. రెండు పొరల అద్దం, నాన్నకి ఏమీ వినబడదు. బెర్ట్ నోరు కదలడం మాత్రం చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, గొంతు తీయకుండా పెదవులతోనే, స్టేడియంలో అడిగినట్టే అడిగాడు. “బెర్ట్ ఏమంటున్నాడు?”

“వానొస్తుందేమో అంటున్నాడు.”

నాన్న ఆకాశం వైపు చూశాడు. మబ్బు లేదు. నన్ను చూశాడు, బెర్ట్‌ని చూశాడు, మళ్ళీ అటు తిరిగిపోయాడు. ఇప్పుడు ఇంకో మాట దాచానన్నమాట. విసుగొచ్చింది. అందరికీ నా కళ్ళు కావాలి, ఆ కళ్ళు చూసింది ఎవరికీ వద్దు, చూడనిది మాత్రం ప్రమాణం చేసి చెప్పాలి. టీ ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వరండా చివరికంటా నడిచాను. ఆ చివర ఇంకో కిటికీ, దాని కింద వంటగది వెనక పెరడు, ఖాళీ డబ్బాలు, చెత్త తొట్లు. తొట్ల మధ్య ఇద్దరు నిలబడి ఉన్నారు. సూట్లు వేసుకుంటే ఆటగాళ్ళు ఎప్పుడూ పెళ్ళికొచ్చిన చుట్టాల్లా ఉంటారు. ఒకడు ఓగ్డెన్. రెండోవాడు ఈడన్ మార్స్‌డెన్. వాళ్ళిద్దరూ ఇవాళ ఒకరికొకరు ఎదురుపడకూడదు, లాయర్లు ఇద్దర్నీ వేరే వేరే గదుల్లో పెట్టి కాపలా కాస్తున్నారు. సిగరెట్టుకని ఒకడూ గాలికని ఒకడూ తప్పించుకున్నట్టున్నారు.

చూడకూడదు. మా పనికి ఒక మర్యాద ఉంది, ఎవరో అడిగి ఇచ్చిన మొహాలే చదవాలి, దారినపోయే మొహాలు చదవకూడదు. చదవకుండా ఉండటం నా చేతుల్లో లేదని కూడా ఎవరికి చెప్పను, మీ చెవులకి తలుపులు ఉన్నాయా. తిరిగిపోదామని అనుకుంటూనే నిలబడ్డాను.

ఈడన్ అంటున్నాడు, “నువ్వేమన్నావో నాకు వినబడనే లేదు బ్రెట్. అంత గోలలో ఏం వినబడుతుంది.” ఓగ్డెన్ తల అటు తిరిగింది, మాట కొంత పోయింది, మళ్ళీ ఇటు తిరిగాడు. “...నాకే గుర్తులేదురా. ఒట్టు. మైదానంలోకి దిగాక నా నోరు నా మాట వినదు. ఆ రోజు నిన్నే ఎన్నెన్ని అనుంటానో. మా లాయరేమో పబ్ అన్నానని చెప్పమంటున్నాడు. అన్నానేమో. ఏమో.” ఈడన్ కాలితో ఒక డబ్బాని మెల్లగా తోస్తున్నాడు. “భుజం మీద చెయ్యేస్తే ఓదారుస్తున్నావనుకున్నా.” ఓగ్డెన్ సిగరెట్టు వైపు చూసుకున్నాడు. ఈడన్ తల వంచుకుని మాట్లాడాడు, చాలా పోయింది, తల ఎత్తినప్పుడు దొరికింది ఇది. గోలు కొడితే వాళ్ళ అమ్మ కూర్చునే సీటు వైపు చూద్దామనుకున్నాడట. కొట్టలేదు, అలవాటుకొద్దీ చూశాడు. ఎవరో కొత్తవాళ్ళు కూర్చుని బంగాళాదుంప చిప్స్ తింటున్నారు. అందుకే కూలబడ్డాడు. ఓగ్డెన్ చెయ్యి వాడి వైపు కొంచెం లేచి ఆగిపోయింది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. అప్పుడు ఈడన్ పూర్తిగా నా కిటికీ వైపు మొహం తిప్పి, నేను ఉన్నానని తెలియకుండా, ఒక్క అక్షరం కూడా మరుగు లేకుండా అన్నాడు. “పేపర్లో చూశాకే తెలిసింది నువ్వేమన్నావో. అప్పట్నుంచి రోజూ వినబడుతోంది. నీ గొంతుతోనే.”

కిటికీ చట్రం పట్టుకుని నిలబడ్డాను. ఇంతసేపూ నా విసుగుకి దారి ఉంది, విలేఖరి మీదికి, తూకం వేసే మనిషి మీదికి, బెర్ట్ మీదికి, బిషప్ మీదికి, అది ఎవరో ఒకరి మీదికి పోతూ ఉండేది. ఇప్పుడు పోవడానికి చోటు లేదు. ఓగ్డెన్ అన్నాడో లేదో ఓగ్డెన్‌కే తెలియని మాట, ఈడన్ వినని మాట, వాడి చెవిలోకి వెళ్ళింది నా దగ్గర్నుంచి. వినబడని దాన్ని నేను, వినని వాడికి వినిపించాను. టీ సంగతి మర్చిపోయి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నాన్న ఒకసారి నా మొహం చూశాడు, ఏమిటన్నట్టు కనుబొమలెత్తాడు, నేను తల అడ్డంగా ఊపాను. ఆ ఫైలమ్మాయి వచ్చి మళ్ళీ సాగదీసి పిలిచింది.

సంఘానికి పెద్దాయనకి పై పెదవిని పూర్తిగా మింగేసిన మీసాలు. రాసి పంపిన సూచనల్లో మీసాల గురించి రాయలేదు, తప్పు నాదే. ఆయన మాటల్ని పక్కనున్నావిడ కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. మమ్మా, పబ్బా. తేల్చలేనండీ అన్నాను. పేపరుకి మమ్ అని చెప్పారు కదా. అయ్యుండొచ్చేమో అని చెప్పాను, ఆ ముక్క వాళ్ళు వేసుకోలేదు. సరే, నూటికి ఎంతపాళ్ళు మమ్ అనుకోవచ్చు. నేను బల్ల మీదికి వంగి ఆయన వైపు చూశాను. “అయ్యా, నాకు కనబడింది సగం నోరు. అందులో మూడోవంతు మాట. మిగతాది ఎవరి మనసుకి తోచినట్టు వాళ్ళు నింపుకున్నారు, ముందు నేను నింపాను. అలా నింపకుండా ఉండాల్సింది. నాకు తెలీదు. ఆ రోజూ తెలీదు, ఇవాళా తెలీదు.” నా గొంతు ఎంత పైకి పోయిందో నాకు తెలియదు గాని, రాసే ఆవిడ పెన్ను ఆపి నన్ను చూసింది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. చెత్త తొట్ల దగ్గర చదివింది నాలికదాకా వచ్చింది. అది నాకెవరూ ఇచ్చింది కాదు. ఏమీ లేదన్నాను.

నేను చెప్పక్కర్లేకపోయింది. తర్వాత లోపలికి వెళ్ళిన ఈడన్, క్లబ్బువాళ్ళు వద్దంటున్నా, నాకేమీ వినబడలేదని తనే చెప్పేశాడట. ఆరోపణ రుజువు కాలేదన్నారు. ఓడిన కుర్రాడి మీద అలా వంగి మాట్లాడటం మర్యాద కాదంటూ ఓగ్డెన్‌ని ఒక మ్యాచ్ కూర్చోబెట్టారు. మేం లిఫ్టు దగ్గరికి వచ్చేసరికే గోడ మీద టీవీలో నడుస్తోంది. కుర్రాణ్ణి బెదిరించి చెప్పించారని ఒకడు. చెవిటి సాక్షి మాట మార్చిందని ఒకడు. ఒక్క మ్యాచ్ మాత్రం ఎందుకు, వాడేం పాపం చేశాడని ఇంకొకడు. బయట రెండు గుంపులూ ఒకేసారి ఒకే మాట అంటున్నాయి, అన్యాయం అని. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

లిఫ్టులో నాన్న నాకు ఎదురుగా నిలబడ్డాడు. లోపల వెనక కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు.

“మూడోవంతేనా?” అన్నాడు.

“అంతే నాన్నా.”

“చిన్నప్పుడు కూడానా?”

“చిన్నప్పుడు ఇంకా తక్కువ.”

ఆయన దాన్ని నెమ్మదిగా నమిలాడు. తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “నాకు తెలీదు కదే తల్లీ” అన్నాడు. “నీకంతా వినబడుతున్నట్టే ఉండేది నాకు.” మఫ్లర్ తీసి జేబులో కుక్కుకున్నాడు, ఉక్కపోతకి అన్నట్టు.

జనాన్ని తప్పించుకుని వెనక దారిన కారు దగ్గరికి వచ్చాం. నేను ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంటూంటే అద్దం మీద నీడ పడింది. ఈడన్ మార్స్‌డెన్. టై విప్పేసి చేతికి చుట్టుకున్నాడు. దగ్గర్నుంచి చూస్తే గడ్డం కూడా సరిగ్గా రాలేదు. నేను అద్దం దించి ఏదో అనబోయాను, క్షమించమనో ఇంకేమో. వద్దన్నట్టు చెయ్యి ఊపి, నా కళ్ళలోకి చూస్తూ, మామూలుగా, సాగదీయకుండా మాట్లాడాడు. “పెదవులు చదివేది మీరే కదండీ. ఒకటి చదివిపెడతారా?” ఫోను నా చేతిలో పెట్టాడు. వాడికి పన్నెండేళ్ళప్పటి మ్యాచ్, అక్క తీసిందట. మాటలు లేవు, గాలి హోరు తప్ప ఏమీ వినబడదట. అందులో వాళ్ళ అమ్మ ఏమంటోందో ఇంట్లో ఎవరికీ తెలీలేదు, వాళ్ళ నాన్నకీ అక్కకీ కూడా. తెరమీద బురద మైదానం, గీత పక్కన కట్టిన తాడు, తాడు మీదికి సగం వంగిపోయి పసుపు వానకోటులో ఒకావిడ. చేతిలో ఫ్లాస్కు. నోరు ఇంత తెరిచి మైదానంలోకి అరుస్తోంది.

ఇక ఎవరికీ చదవనని పొద్దున్నే అనుకున్నాను. మూడోవంతే కనబడుతుంది బాబూ, మిగతాది నా ఊహ, అది తప్పుకావచ్చు అన్నాను. తెలుసండీ, లోపల చెప్పారట కదా అన్నాడు. మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూస్తూ చెప్పాను. “మొదట అవతలి జట్టువాడెవరో, ఎర్రజుట్టు కుర్రాడు, నీ చొక్కా పట్టుకున్నాడు. వాణ్ణి అంటోంది. ఒరేయ్ ఎర్రజుట్టూ, మావాడి చొక్కా వదులు, అంత నచ్చితే నీకూ ఒకటి కుట్టిస్తా. కుట్టిస్తా కావచ్చు, కొనిస్తా కావచ్చు. అది నోటి లోపలి అక్షరం, పెదవుల మీద దొరకదు.”

ఈడన్ నోరు కొంచెం తెరుచుకుంది. “కొనిస్తానే అనుంటుంది. మా అమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.”

“తర్వాత నువ్వు కిందపడ్డావు. అప్పుడు నిన్ను. లేరా ఈడన్, అక్కడేం గడ్డి మేస్తున్నావా. ఆపైన తల తిప్పేసింది. ఇంకేదో అంది గాని నాకు కనబడలేదు.”

వాడు ఫోను వైపు చూస్తున్నాడు. నేను చెప్పింది నా గొంతుతో, ఎత్తుపల్లాలు లేని గొంతు అంటారు దాన్ని, కొత్తవాళ్ళు వింటే ఇబ్బందిపడతారు. నాన్న అవతలి వైపునుంచి దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చాడు. ఏమందట వాళ్ళ అమ్మ అని, వాణ్ణి కాదు, నన్ను అడిగాడు. నేను మళ్ళీ ఒకసారి చెప్పాను. నాన్న తల ఊపి, అలాంటి మాట అంత చప్పగా అనకూడదు, అన్నాడు. రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, వెనక వరసలకి వినిపించాల్సినట్టుగా నిండా ఊపిరి పీల్చి, ఆ కార్లన్నిటి మీదుగా అరిచాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఒరేయ్ ఎర్రజుట్టూ. మావాడి చొక్కా వదులు. పోలీసులు వెనక్కి తిరిగారు. రెండు గుంపులూ తిరిగాయి, బెర్ట్ నటాల్ కూడా తిరిగాడు. లేరా ఈడన్, అక్కడేం గడ్డి మేస్తున్నావా.

ఈడన్ కారు ముందుభాగం మీద రెండు మోచేతులూ ఆనించి తల దించేసుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియదు, మొహం కనబడలేదు. కాసేపటికి తల ఎత్తి నాన్నని చూసి, ఇంకోసారి అన్నాడు. నాన్న మళ్ళీ నోటి పక్కన చేతులు పెట్టుకున్నాడు.